నిట్టూర్పు: అపోహలు – వాస్తవాలు

పక్కవాళ్లు కాస్త గట్టిగా ఊపిరి వదిలితే చాలు, "ఏమైందమ్మా?" అంటాం. పాపం, ఆ మనిషికి ఏమీ కాకపోవచ్చు.

అపోహ: నిట్టూర్పు సంస్కృతం మాట. నిశ్వాసంలోని 'ని'యే ఇందులోనూ ఉంది.

వాస్తవం: ఇది అచ్చతెలుగు. నిడు, ఊర్పు అనే రెండు మాటల కూడిక. నిడు అంటే పొడవైన. నిడివి, నిడుపు దాని చుట్టాలే. ఊర్పు అంటే ఊపిరి. మరి 'డు' పోయి 'ట్టు' ఎలా వచ్చిందంటారా? బళ్లో బట్టీపట్టిన ద్విరుక్తటకార సంధిని తలుచుకోండి. నడు, ఇల్లు కలిసి నట్టిల్లు. కడు, ఎదురు కలిసి కట్టెదురు. చిఱు, ఎలుక కలిసి చిట్టెలుక. అదే దారిలో నిట్టూర్పు. ఇరుగుపొరుగు సాక్ష్యమూ ఉంది. కన్నడిగులు నిట్టుసిరు అంటారు, మలయాళీలు నెడువీర్ప్పు అంటారు. ఆ రెంటి మొదట్లోనూ ఉన్నది ఈ పొడవే. తమిళులు ఎక్కువగా వాడే పెరుమూచ్చులో మాత్రం పొడవు బదులు పెద్దదనం ఉంది.

అపోహ: బాధ ఉంటేనే నిట్టూర్పు.

వాస్తవం: మాటలో ఉన్నది పొడవే, బాధ వాడుకలో అంటుకుంది. ఒంటి సంగతి చూస్తే, దాదాపు 5 నిమిషాలకోసారి మనకు తెలియకుండానే నిట్టూరుస్తాం. ఊపిరితిత్తుల్లో ముడుచుకుపోయే బుల్లి గాలి గదులు, మామూలుకు రెట్టింపు గాలి వెళ్తే మళ్లీ విచ్చుకుంటాయి. ఈ పని చేయించే నాడీకణాలను కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు మెదడు కాండంలో గుర్తించి, 2016లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఆ పరీక్షలు జరిగింది ఎలుకల మీద. చిట్టెలుక మళ్లీ వచ్చింది చూశారా!

అపోహ: నిట్టూర్చినా, ఉసూరుమన్నా, ఊపిరి పీల్చుకున్నా ఒకటే.

వాస్తవం: కాదు. ఆఖరి బస్సు కళ్లముందే వెళ్లిపోతే ఉసూరుమంటాం. కూతురు పాసైందని తెలిస్తే తండ్రి హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటాడు. ఇంగ్లిషువాళ్లు ఊరట కలిగితే ఊపిరి వదులుతారు, మనం పీలుస్తాం! అది పట్టించుకోని అనువాదాల్లో 'ఉపశమనంతో నిట్టూర్చాడు' లాంటి వాక్యాలు కనబడతాయి. తండ్రి నిట్టూర్చాడని చదివితే మన పాఠకుడు పిల్ల ఫెయిలైందనే అనుకుంటాడు. అనువాదకులారా, అక్కడ ఒక్క 'హమ్మయ్య' చాలు.