పాత డిజిటల్ కెమెరా కొనాలా, ఫోన్ చాలా? మదనపల్లె నుంచి కుప్పం దాకా మూడు టెస్టులు

ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, మొదటి జీతం వచ్చింది. రీల్స్‌లో అందరూ పాత డిజిటల్ కెమెరాలే వాడుతున్నారు. ఎనిమిది వేలు పెట్టి ఒకటి తీసుకోవచ్చా?"

మొదటి జీతంలో ఎనిమిది వేలంటే చిన్న డబ్బేం కాదు. అందుకే ఊరికే నోటితో చెప్పకుండా మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరిగొచ్చా. బ్యాగులో మూడున్నాయి. ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100, అంటే 2012లో వచ్చిన మొదటి మోడల్. బీరువాలో పడున్న పాత 10 మెగాపిక్సెల్ కెమెరా. ఇంకోటి నా ఫోన్, దాంట్లో విడిగా జూమ్ లెన్స్ లేదు.

మదనపల్లె: సెన్సార్

టమాటా మార్కెట్‌కి వెలుతురు రాకముందే వెళ్లా. వానలో చెంబు పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, వెడల్పాటి తపేలా పెడితే ఎన్ని పడతాయి? సెన్సార్ కూడా అంతే, కాకపోతే పట్టేది వెలుతురు. పాత కెమెరా సెన్సార్ సుమారు 6.2 x 4.6 మిల్లీమీటర్లు. ఆర్‌ఎక్స్100ది 13.2 x 8.8, అంటే వైశాల్యం నాలుగు రెట్లు. పాతదాంట్లో ఫొటో నిండా చుక్కలొచ్చాయి, ఆర్‌ఎక్స్100లో శుభ్రంగా వచ్చింది. ఫోన్ కూడా బాగానే తీసింది, ఎందుకంటే అది వరసగా చాలా ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. కానీ క్రేట్లు మోస్తూ నడిచే మనిషి మాత్రం అలుక్కుపోయాడు.

ఎండొచ్చాక ఫోన్ స్క్రీన్ మీద చూస్తే మూడింటికీ పెద్ద తేడా లేదు. టమాటాలు ఒట్టి ఎర్ర ముద్దలా వస్తే ఎక్స్‌పోజర్ మైనస్ 0.7కి తగ్గించండి, తొక్క మీద మెరుపు కనిపిస్తుంది.

పుంగనూరు: జూమ్

పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లే. ఫోన్‌తో దగ్గరికెళ్లి తీస్తే మొహం పెద్దగా, కాళ్లు చిన్నగా వచ్చాయి. దూరం నుంచి ఫోన్‌లో 5 రెట్లు జూమ్ చేస్తే అది ఫొటోని కత్తిరించడమే. 50 మెగాపిక్సెల్‌లో 25వ వంతు, అంటే 2 మెగాపిక్సెల్ మిగులుతుంది. కెమెరాలో లెన్సే కదులుతుంది కాబట్టి పిక్సెల్స్ తగ్గవు. ఇక్కడ పాత కెమెరా 5 రెట్ల జూమ్‌తో గెలిచింది. ఆర్‌ఎక్స్100కి ఉన్నది 3.6 రెట్లే. ఒక చిట్కా: మోకాళ్ల మీద కూర్చుని, పక్కన మనిషిని నిలబెట్టి తీయండి. అప్పుడే ఆవు ఎంత పొట్టిదో తెలుస్తుంది.

కుప్పం: ఫ్లాష్

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి చీకటి పడింది. వసారాలో కూర్చున్న మా అవ్వని మూడింటితోనూ తీశా. ఫోన్ ఫొటో చూసి, "ఎవుర్రా ఈమె?" అనింది. ఫోన్ చుక్కలు తుడుస్తూ ముడతలు కూడా తుడిచేసింది. పాత కెమెరా జినాన్ ఫ్లాష్‌తో తీసింది చూసి, "ఇది నేనే, ఇది ప్రింటు తీయించు" అనింది.

ఫోన్‌లో ఉండేది ఎల్‌ఈడీ లైటు. జినాన్ ఫ్లాష్ అట్లా కాదు, దాచుకున్న కరెంటునంతా సెకనులో సుమారు వెయ్యో వంతులో వదిలేస్తుంది. అందుకే నవ్వు నవ్వినట్టే ఆగిపోతుంది. రీల్స్‌లో మీరు చూసే ఆ లుక్ ఎక్కువగా ఈ ఫ్లాష్‌దే. కాకపోతే మనిషి రెండింతలు దూరం జరిగితే వెలుతురు నాలుగో వంతే అందుతుంది. అవ్వ వెనక ఇల్లంతా నలుపే.

మరి కొనాలా?

జూమ్, ఫ్లాష్ కోసమైతే కొనండి. వీడియోకి, రాత్రి వీధులకి ఫోనే మేలు. మెగాపిక్సెల్స్ చూసి మాత్రం కొనొద్దు. కొనేముందు ఇవి చూడండి:

- కార్డు: నా పాత కెమెరా 32 జీబీ కార్డు తీసుకోలేదు. 2 జీబీది దొరికేదాకా మదనపల్లెలో అంగళ్లన్నీ తిరిగా.
- బ్యాటరీ: ఉబ్బిందా? కొత్తది దొరుకుతుందా?
- లెన్స్: తెల్ల గోడని తీసి, మచ్చలు వస్తున్నాయేమో చూడండి.

తమ్ముడూ, ముందు మీ ఇంట్లో, మామ ఇంట్లో బీరువాలు వెతుకు. ఒక వారం వాడు. అప్పటికీ కావాలనిపిస్తే ఆ ఎనిమిది వేలు తియ్యి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.