ఊరి తట్టుకునే శక్తికి కొలత

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల వారికి కరువు కొత్త కాదు. ఏడాది పొడుగునా పారే నది మనకు ఒక్కటీ లేదు. 2023లో కర్ణాటకలోని 236 తాలూకాలలో 223 కరువు తాలూకాలుగా ప్రకటితమయ్యాయి. అంతకు రెండేళ్ల ముందు, 2021 నవంబరు వానలకు ఇదే జిల్లాలో చెరువులు పొంగి పొర్లాయి.

వానను మిల్లీమీటర్లలో కొలుస్తాం. మరి వాన తప్పితే ఊరు ఎంతకాలం నిలుస్తుందో కొలిచేదెలా? నాలుగు ప్రశ్నలు వేసుకుందాం.

ఒకటి: పోయిన ఎండాకాలంలో తాగునీటి బోర్లు ఎన్ని ఎండిపోయాయి? రెండు: గాదెలో రాగులు, వామిలో మేత ఎన్ని నెలలకు వస్తాయి? మూడు: చెరువు కట్టను, తూమును, రాజకాలువను ఎవరు చూస్తున్నారు? పూర్వం ఆ పని నీరుగంటిది. ఇప్పుడు ఎవరిది? నాలుగు: అవసరానికి సంఘం పొదుపు ఉందా, వడ్డీ వ్యాపారి గడపే దిక్కా?

ఈ లెక్కలో సగటు మోసం చేస్తుంది. ఒక పెద్ద రైతు వెయ్యి అడుగుల బోరు వేయిస్తే ఊరంతా బలపడినట్టు కాదు. భూమి లేని కూలీల ఇంటికీ వెళ్లి అడగాలి. కరువులో అమ్ముకున్న పశువులను మళ్లీ కొనగలిగారా? బెంగళూరుకు కూలికి వెళ్లినవారు తిరిగి వచ్చారా? అసలైన కొలత అదే.

ఏటా సంక్రాంతికి, పంట ఇంటికి చేరాక, గ్రామసభలో ఈ లెక్క రాసి పెట్టుకోండి. ఎక్కడ తక్కువైందో తెలిస్తే, ఎండలు ముదరకముందే సరిచేసుకోవచ్చు.