లెక్కకు మరొక ప్రతి: దాని కుశలము తెలియుట ఎట్లు?

నౌపడ అనగానే మనకు ఉప్పు మళ్ళును, 1900లో పర్లాకిమిడికి చిన్నబండి బయలుదేరిన రైలు కూడలియు జ్ఞప్తికి వచ్చును. స్టేషను మాస్టరు ప్రక్క స్టేషనును లైన్ క్లియర్ అడిగి, తగిన జవాబు వచ్చిన పిమ్మటనే బండిని వదలును. గంట మ్రోగినంత మాత్రమున దారి ఖాళీగా ఉన్నదని తలంచడు. కంప్యూటరు లెక్కలకును నియమమిదియే.

నేడు బ్యాంకు ఖాతాలు, టిక్కెట్లు, రేషను కార్డులు డేటాబేసులలో ఉన్నవి. ప్రధాన యంత్రములో పడిన ప్రతి పద్దును మరొక ఊరిలోని యంత్రము వెంటనే నకలు వ్రాసికొనును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను గంటకు 140–150 కిలోమీటర్ల గాలితో పలాస చేరువన తీరము దాటెను. అట్టి వేళ దూరపు నకలే దిక్కు. అయితే ఆ నకలు నిజముగా తాజాగా ఉన్నదా?

ఇది తెలిసికొనుటకు బొమ్మల తెర అక్కరలేదు. ఒక పంక్తి టైపు చేసిన యంత్రము జవాబు చెప్పును. 2010 నుండి ఇట్టి నిరంతర నకలు సౌకర్యము గల పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను ఉదాహరణగా తీసికొందము.

మొదట పీజీ_ఈజ్‌రెడీ అని అడుగవలెను. ఫలితము 0 అయినచో యంత్రము పని అందుకొనుచున్నది. 1 అయినచో ప్రస్తుతము నిరాకరించుచున్నది. 2 అయినచో జవాబే లేదు. ఇది గంట మ్రోగుట మాత్రమే.

పిదప ప్రధాన యంత్రములో పీజీ_స్టాట్_రెప్లికేషన్ పట్టికను చూడవలెను. పద్దులు ఎంతవరకు పంపబడెనో, నకలులో ఎంతవరకు అమలు జరిగెనో అందు తెలియును. పట్టిక ఖాళీగా ఉన్నచో నిశ్చింత పడరాదు; నకలుతో సంబంధమే తెగినదని అర్థము.

నకలును మాత్రమే అడిగి నమ్మరాదు. సంబంధము తెగిన నకలు, తనకు అందినదంతయు వ్రాసితినని, బకాయి లేదని తలంచును. మరి రాత్రివేళ క్రొత్త పద్దులు లేనప్పుడు, చివరి పద్దు కాలమును బట్టి చూచిన, లేని ఆలస్యము ఉన్నట్లు తోచును. కావున రెండు కొనలను అడుగవలెను.

డిస్కులో చోటును గూడ చూడవలెను. నకలు కొరకు స్లాట్ కేటాయించియున్నచో, అది దూరమైనన్ని దినములు పంపవలసిన పద్దులు ప్రధాన యంత్రములోనే పేరుకొనును. డిస్కు నిండినచో ప్రధాన యంత్రమే ఆగిపోవును.

తుదకొక మాట. పొరపాటున కొట్టివేసిన పద్దును నకలు కూడ క్షణములో కొట్టివేయును. అందువలన తేదీల వారీగా వేరొక భద్రప్రతి దాచవలెను. అప్పుడప్పుడు దానిని తెరచి, లెక్క మరల నిలచునో లేదో పరీక్షించవలెను.