మొక్కజొన్న సీమలో కాలాలు

అమెరికా అనగానే మనకు న్యూయార్కు మేడలే కళ్ళముందు మెదులుతాయి. కాని మన పిల్లలు కొందరు, ముఖ్యంగా డాక్టర్లు, మధ్య రాష్ట్రాల పల్లెపట్టుల్లో కాపురాలు పెట్టారు. పురుళ్ళకని తల్లులు వెళ్ళి నెలల తరబడి ఉండవలసి వస్తూంటుంది. అందుకని సోదరీమణులారా, ఐయోవా రాష్ట్రంలో మా చెల్లెలింట రెండు విడతలుగా ఉండి చూసిన కాలాల సంగతి చెబుతాను.

ఏప్రిల్ దాకా నేలంతా నల్లగా, బోసిగా ఉంటుంది. మట్టి వేడి 10 డిగ్రీలకు చేరితేగాని మొక్కజొన్న విత్తరు. ఎడ్లూ లేవు, కూలీలూ లేరు. ఒక్క మనిషి ట్రాక్టరెక్కి వందలాది ఎకరాలు విత్తేస్తాడు! జూలై చివరికి పైరు నిలువెత్తు దాటిపోతుంది. చూడముచ్చటే గాని, నాలుగు రోడ్లు కలిసేచోట పక్కనుంచి వచ్చే కారు కనపడదు. పిల్లల్ని ఆగి చూసుకుని మరీ వెళ్ళమనండి. అన్నట్టు, ఆ పొత్తులు చూసి కాల్చుకుందామని ముచ్చటపడకండి. చాలామటుకు అది పశువుల దాణాకూ, ఇథనాలు తీయడానికీ వేసే రకం.

అక్టోబరులో ఆకులు రంగు మారతాయి. పగలు కురచవుతున్నకొద్దీ చెట్టు ఆకుపచ్చ పదార్థం తయారుచేయడం మానేస్తుంది. దాని చాటున అంతవరకూ దాగిన పసుపు బయటపడుతుంది. మేపుల్ చెట్టు ఎరుపు వేరు. ఆకులో మిగిలిన చక్కెరతో అప్పటికప్పుడు తయారయ్యేది. కోతలూ అప్పుడే. నిన్నటిదాకా గోడలా నిలిచిన చేను మాయమై, ఎక్కడో మైలు దూరాన ఉన్న ఇల్లు కిటికీలోంచి కనిపిస్తుంది.

ఇక డిసెంబరు. సాయంత్రం 5 గంటలు కాకుండానే పొద్దు కుంకుతుంది. జూనులో 15 గంటలకు పైగా ఉన్న పగలు 9 గంటలకు దిగిపోతుంది. మా చెల్లెలు ఆ రోజుల్లో ఫోనులో ముక్తసరిగా మాట్లాడితే చుట్టాలు "డాలర్ల గర్వం" అన్నారు. గర్వమూ కాదు, పాడూ కాదు. వారం రోజులుగా సూర్యుణ్ణి చూడలేదు పిల్ల! ఊరికే దిగులు, విపరీతమైన నిద్ర, తీపి మీదికి మనసు పోవడం... ఇలా చలికాలంలో వచ్చి వసంతంలో పోయే జబ్బును 1984లో నార్మన్ రోసెంథాల్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ వివరించి పేరు పెట్టారు. ఉదయంపూట అరగంటసేపు ప్రత్యేకమైన ప్రకాశవంతమైన దీపం ఎదుట కూర్చోబెట్టే వైద్యం ఉంది.

మీ పిల్ల అలాంటిచోట ఉంటే, నవంబరు నుంచీ "ఏం వండావు" అని అడిగేముందు "ఇవాళ ఎండ వచ్చిందా, బయటికి వెళ్ళావా" అని అడగండి. పట్టపగలు కాసేపు నడవమనండి. దిగులు వదలకపోతే డాక్టరుకు చూపించుకోమనండి, మార్చిలో మంచు కరిగిందాకా ఆగవద్దనండి.