కషాయము కడుపులో చేరిన పిదప

ముప్పాళ్ళ మొదలగు పలనాటి గ్రామములలో జలుబు చేసిన యింట శొంఠి, మిరియాలు, తులసియాకులు వేసి కషాయము కాచుట పరిపాటి. 2020వ సంవత్సరమున కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖయు ఇట్టి కషాయమునే, దాల్చినచెక్క, ఎండుద్రాక్ష చేర్చి త్రాగుమని సూచించెను. మ్రింగిన పిదప అందలి పదార్థములు ఏమగును?

ఆకులను, దినుసులను నీటిలో మరిగించినప్పుడు నీట కరగు పదార్థములు ఎక్కువగాను, నూనెలో కరగునవి కొద్దిగాను దిగును. వీనిలో కొన్ని చిన్నప్రేగు గోడలగుండ నేరుగా రక్తములో చేరును. పాలీఫినాలులు అను పదార్థములలో చాలవాటికి చక్కెర అణువులు అంటుకొనియుండును. చిన్నప్రేగులో ఇంకనివి పెద్దప్రేగునకు పోవును. అచ్చటి సూక్ష్మజీవులు వానిని చిన్న ముక్కలుగా విరుగగొట్టిన పిదప శరీరము కొంత గ్రహించును.

ప్రేగులనుండి బయలుదేరిన రక్తము మొదట కాలేయమునకే పోవును. కాలేయము ఊరి పొలిమేరలోని సుంకపు ఠాణా వంటిది. వచ్చినది మందుబిళ్ళయైనను, మిరియమైనను, పరాయి పదార్థమైనచో అచ్చట తనిఖీ తప్పదు. ఈ పని సాధారణముగా రెండు దశలలో జరుగును. సైటోక్రోమ్ పి-450 అను ఎంజైములు మొదట ఆ పదార్థమునకు తరచుగా ఆక్సిజను చేర్చును. తరువాత వేరు ఎంజైములు గ్లూకురానిక్ ఆమ్లమునో, సల్ఫేటునో తగిలించును. దానితో అది నీట సులభముగా కరగి మూత్రముద్వారా గాని, పైత్యరసముతో మలముద్వారా గాని వెడలిపోవును.

మిరియములలోని పైపరిన్ ఈ ఎంజైములలో కొన్నింటిని అడ్డగించును. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాల పరిశోధకులు పసుపులోని కర్కుమిన్ 2 గ్రాములకు పైపరిన్ 20 మిల్లీగ్రాములు చేర్చి మనుష్యులకు ఇచ్చిరి. శరీరమునకు అందిన కర్కుమిన్ 20 రెట్లు హెచ్చినది. ఇందులో లాభముతోపాటు ప్రమాదమును కలదు. మూర్ఛకు వాడు ఫెనిటాయిన్, ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్ కూడ పైపరిన్‌వలన రక్తములో హెచ్చునని పరీక్షలలో తేలినది. చారులోని చిటికెడు మిరియపుపొడికి భయపడనక్కరలేదు. దినదినము చిక్కని కషాయము త్రాగువారును, పైపరిన్ గొట్టములు మ్రింగువారును ఆలోచింపవలెను.

ఒక్కొక్కప్పుడు ఠాణాకే దెబ్బ తగులును. వేపచెట్లపై ప్రాకు తిప్పతీగను వాడిన పిదప కాలేయము దెబ్బతిన్న 6గురు రోగులను గూర్చి ముంబయి వైద్యులు 2021లో ప్రకటించిరి. వాడిన వారందరికిని ఇట్లు జరుగదు. కాని ఎవరికి జరుగునో ముందుగా చెప్పుట కష్టము.

కావున నిత్యము మందులు వాడువారు తాము త్రాగు కషాయమును గూర్చి వైద్యునికి తప్పక చెప్పవలెను. కండ్లు పచ్చబడినను, మూత్రము ముదురు రంగుకు మారినను కషాయము మాని వెంటనే వైద్యుని చూడవలెను. చెట్టునుండి వచ్చినదా, కర్మాగారమునుండి వచ్చినదా అని కాలేయము అడుగదు. దాని లెక్కకు రెండును మందులే.