డ్రైవర్ లేని బండి, నాలుగు బ్రాంచీల చదువు

నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్లే బస్సు డ్రైవరుకు రోడ్డు మీద తెల్లగీతలతో పనిలేదు. తారు అంచు ఎక్కడ తెగిందో, ఎదురొచ్చే ఆటో ఎంత పక్కకు జరుగుతుందో, దారికడ్డంగా నిలబడ్డ గేదె హారన్‌కు కదులుతుందో లేదో చూడగానే పోల్చుకుంటాడు. ఇదంతా కంప్యూటరుకు నేర్పడానికి సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో ‘తిహాన్’ అనే పరిశోధన కేంద్రమే పెట్టాల్సి వచ్చింది. అక్కడి పరీక్షా మైదానం 2022 జూలై 4న మొదలైంది. కృష్ణదేవిపేటలో సమాధి ఉన్న అల్లూరి సీతారామరాజు 125వ జయంతి కూడా ఆ రోజే. యాదృచ్ఛికమే అనుకోండి, కానీ బాగుంది. 2025 నాటికి ఆ కేంద్రం తయారుచేసిన డ్రైవర్ లేని ఎలక్ట్రిక్ బస్సులు, ఆరు సీట్లదీ పద్నాలుగు సీట్లదీ, ప్రాంగణంలో జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి.

ఈ బండి పూర్వీకుల్ని వెతికితే మనవాడొకరు తగులుతారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో ఏర్పడ్డ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరు. ఆయన హయాంలోనే అక్కడ ‘నవ్‌ల్యాబ్’ బండ్లు పుట్టాయి. మొదటిది కంప్యూటర్లు కిక్కిరిసిన వ్యాను. 1995లో నవ్‌ల్యాబ్-5 సుమారు 4,500 కిలోమీటర్లు దేశానికి అడ్డంగా ప్రయాణించింది. అందులో 98 శాతం దూరం స్టీరింగ్ తిప్పింది కంప్యూటరే. బ్రేకు, యాక్సిలరేటరు మాత్రం మనుషుల చేతిలోనే ఉన్నాయి. 2004లో అమెరికా రక్షణ శాఖ మొజావే ఎడారిలో పోటీ పెడితే ఏ బండీ 12 కిలోమీటర్లైనా దాటలేదు. మరుసటి ఏడాది ఐదు బండ్లు 212 కిలోమీటర్ల దారి పూర్తిచేశాయి. గెలిచిన ‘స్టాన్లీ’ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానిది.

ఎలక్ట్రిక్ బండే ఎందుకు? మోటారుకు ఎంత టార్క్ కావాలో కంప్యూటరు అంకె రూపంలో పంపితే చాలు, దాదాపు తక్షణమే అందుతుంది. ఇంజిను, గేర్ల ఆలస్యం ఉండదు. ఇక కన్ను సంగతి. లైడార్ లేజర్ కిరణాన్ని వదిలి, అది తగిలి తిరిగొచ్చిన సమయాన్ని కొలుస్తుంది. వస్తువు 15 మీటర్ల దూరంలో ఉంటే ఆ సమయం సెకనులో కోటో వంతు.

విద్యార్థికి అసలు పాఠం బండి తప్పు చేసినప్పుడు మొదలవుతుంది. మలుపులో బండి అనుకున్న దారి నుంచి ఒక అడుగు పక్కకు పోయిందనుకుందాం. ఉపగ్రహ సంకేతం చెట్ల కింద మసకబారిందా? చక్రం జారిందా? కంట్రోలర్‌లో ఒక స్థిరాంకం ఎక్కువైందా? కెమెరా, లైడార్ గడియారాలు కలవలేదా? మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ బ్రాంచీల వాళ్లు తలోచోట కూర్చుని దీనికి జవాబు చెప్పలేరు. మన పరీక్ష పేపర్లు బ్రాంచీని బట్టి విడివిడిగా వస్తాయి, ఈ తప్పు అలా రాదు. దీనికి ప్రతి కాలేజీ పెద్ద బస్సు కొననక్కర్లేదని నా అభిప్రాయం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదలైన ‘ఎఫ్1టెన్త్’ కార్లు అసలు కారులో పదోవంతు ఉంటాయి. గోడకు గుద్దుకున్నా బంపరు పోతుంది గానీ ప్రాణాలు పోవు.

దారి మాత్రం మనదే కావాలి. జర్మనీ వీధుల ఫోటోలతో శిక్షణ పొందిన ప్రోగ్రాంకు ఆటోరిక్షా అంటే తెలియదు. అందుకే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ 2018లో భారతీయ రోడ్ల చిత్రాలు 10,000 విడుదల చేసింది. అందులోని 34 వర్గాల్లో ఆటోలున్నాయి, జంతువులున్నాయి, రోడ్డు పక్కన బండి దిగగలిగే మట్టి కూడా ఉంది. అవి తీసింది హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో.

నర్సీపట్నం నుంచి చింతపల్లి ఎక్కే దారిలో, లంబసింగి దగ్గర చలికాలపు పొగమంచులో అదే బండిని నిలిపితే కథ మారుతుంది. లేజర్ వెలుగు మంచు బిందువులకు తగిలి చెదిరిపోతుంది, లేని గోడ ఉన్నట్టు కనిపించవచ్చు. రాడార్ తరంగాలు పొడవైనవి కాబట్టి చొచ్చుకుపోతాయి, కానీ మనిషికీ రాతి స్తంభానికీ తేడా సరిగ్గా పట్టవు. ఏ నిమిషంలో దేన్ని ఎంత నమ్మాలన్నది మంచి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. కందిలో దీనికి మంచు పడే రోజు కోసం ఎదురుచూడాలి. ఇక్కడి పిల్లలకు డిసెంబరులో తెల్లవారుజామున లేస్తే చాలు.