మంది పెరిగిన ప్రాసెసరు

కంప్యూటరు ప్రాసెసర్లను నిర్మించు అమెరికా సంస్థలు ఇంటెల్, ఎ.ఎం.డి.ల నడుమ పంతము దశాబ్దముల నాటిది. చాలకాలము ఆ పంతమునకు వేగమే గీటురాయి. 2000 మార్చి 6న ఎ.ఎం.డి. తన అథ్లాన్ ప్రాసెసరును ఒక గిగాహెర్ట్జు వేగముతో, అనగా సెకనుకు నూరు కోట్ల స్పందనలతో, వెలువరించినది. రెండు దినములకే ఇంటెల్ కూడ అదే వేగమును ప్రకటించినది.

వేగము హెచ్చిన కొలది వేడియు హెచ్చును. ట్రాన్సిస్టర్లు నానాటికి చిన్నవగుచున్నను, వానికిచ్చు వోల్టేజిని అదే పాళున తగ్గించుట సాధ్యము కాలేదు. 2004లో ఇంటెల్ పెంటియం 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జుల వద్ద ఆగిపోయినది. ముందుగా ప్రకటించిన 4 గిగాహెర్ట్జుల రకమును ఆ అక్టోబరులో విరమించుకొన్నారు. సంస్థ అధిపతి క్రెయిగ్ బారెట్ నిండుసభలో మోకరిల్లి మన్నింపు కోరినారు. వేడుకకే కావచ్చును, కాని ఓటమి మాత్రము నిజము.

అప్పుడు దారి మారినది. ఒకే ప్రాసెసరులో లెక్కచేయు అంగములను, అనగా కోర్లను, పెంచసాగినారు. ఐ.బి.ఎం. 2001లోనే ఈ పని చేసియుండెను. 2005లో ఇరుసంస్థలును ఇండ్లలోని కంప్యూటర్లకు రెండు కోర్లు తెచ్చినవి. 2006లో ఇంటెల్ రెండేసి కోర్లున్న రెండు చిప్పులను ఒకే తొడుగులో ఇమిడ్చి, నాలుగు కోర్లని అమ్మినది. నాలుగింటిని ఒకే చిప్పుపై మలచుటయే అసలు విద్య యని ఎ.ఎం.డి. వాదించినది, ఆ విద్య ఫలించి ఫినామ్ వెలువడునప్పటికి ఏడాది గడచినది. విచిత్రమేమన, 2017లో ఎపిక్ ప్రాసెసరు కొరకు నాలుగు చిప్పులను ఒకే తొడుగున కూర్చినది ఎ.ఎం.డి.యే!

మంది ఎక్కువైన మజ్జిగ పలుచన యన్న సామెత ఇచ్చటను వర్తించును. జీన్ ఆమ్‌డాల్ 1967లోనే ఈ సంగతి వివరించినాడు. పరీక్షాపత్రములు దిద్దుటకు ఒక ఉపాధ్యాయునికి తొమ్మిది గంటలు, మార్కులు రిజిస్టరున ఎక్కించుటకు ఒక గంట పట్టునని అనుకొందము. దిద్దుట పంచుకొనవచ్చును, రిజిస్టరు ఒక్కటే. నలుగురు దిద్దినచో మొత్తము మూడుంబావు గంటలు. ఎనమండుగురైనను రెండు గంటలు దాటును. నూరుగురు వచ్చినను ఆ చివరి గంట తగ్గదు.

ఇది మరచి అంకెను చూచి కొనువారు మోసపోవుదురు. 2011లో ఎ.ఎం.డి. ఎనిమిది కోర్లని అమ్మిన బుల్‌డోజరులో, దశాంశ గణితము చేయు భాగమును ప్రతి రెండు కోర్లు పంచుకొనవలసియుండెను. వానిని నిజముగా ఎనిమిదిగా ఎంచవచ్చునా యని 2015లో కాలిఫోర్నియాలో దావా పడినది. 2019లో ఎ.ఎం.డి. కోటి ఇరువదియొక్క లక్షల డాలర్లకు రాజీపడినది.

అయినను పోటీ వ్యర్థము కాదు. బుల్‌డోజరు వెనుకబడిన కాలమున ఇంటెల్ తన సామాన్యశ్రేణిని నాలుగు కోర్ల వద్దనే నిలిపియుంచినది. 2017 మార్చిలో ఎ.ఎం.డి. ఎనిమిది కోర్ల రైజెన్‌తో తిరిగి వచ్చినది. ఆ అక్టోబరులో ఇంటెల్ ఆరు కోర్లిచ్చినది. మరుసటి అక్టోబరులో ఎనిమిది.